సోమశిల రేవులో పుట్టిన ప్రశ్న



కొల్లాపురం నుంచి సోమశిలకు పోయే రోడ్డు చివరికి చేరేసరికి కళ్ల ముందు ఒక్కసారిగా నీళ్లు పరుచుకుంటాయి. కృష్ణమ్మే, కానీ ఇక్కడ పారదు. దిగువన శ్రీశైలం డ్యాము ఆపితే వెనక్కి ఎగదన్ని నిలిచిన కృష్ణ ఇది. ఒడ్డున లలితా సోమేశ్వరుడి గుడి. ఈ గట్టు నాగర్‌కర్నూల్ జిల్లా, ఆ గట్టు సిద్ధేశ్వరం, నంద్యాల జిల్లా. నది దాటడానికి పుట్టి కోసమో, మరపడవ కోసమో ఆ రేవులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉంటారు.

ఒక శివరాత్రినాడు నేనూ ఆ మెట్ల మీద కూర్చున్నాను. పక్కనే ఒక అవ్వ, డెబ్భై దాటి ఉంటుంది, మాట కలిపింది. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణని తెలిశాక కొంగుముడి విప్పింది. అందులో మడతపెట్టిన నోట్లు. వాటిని చూపిస్తూ అడిగింది: "సారూ, ఈ పింఛన్ల ఢిల్లీ సర్కారుది ఎంత, పట్నం సర్కారుది ఎంత? ఇద్దరూ మేమే ఇస్తున్నమంటరు. నిజం ఎట్ల తెల్వాలె?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పార్లమెంటు పాఠం చెప్పాను. లోక్‌సభలో ఎందరు సభ్యులు, రాజ్యసభలో ఎందరు, ప్రశ్నోత్తరాల సమయం అంటే ఏమిటి, అన్నీ వల్లె వేయించాను. కానీ అవ్వ చేతిలో ఉన్న నోట్లలో ఏవి ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు తెలియదు. "కనుక్కుని చెప్తానవ్వా" అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి చేసిన ప్రయత్నంలో నేను తెలుసుకున్నదే ఇవాళ మీతో పంచుకుంటున్నాను. మనం ఎన్నుకున్న ఎంపీ పార్లమెంటులో అడిగే ప్రశ్న ఏం చేస్తుంది? ఎలా పుడుతుంది? దానితో మనకేం పని?

ముందుగా మన సంగతి. సోమశిల ఉన్న కొల్లాపురం, వనపర్తి, గద్వాల, అలంపురం, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, ఈ ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు కలిస్తే నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం. ఎస్సీలకు రిజర్వు చేసిన స్థానం. మందా జగన్నాథం, నంది ఎల్లయ్య, పోతుగంటి రాములు ఇక్కణ్నుంచి వెళ్లినవాళ్లే. 2024 నుంచి మల్లు రవి సభ్యులు. పార్టీలు మారాయి, మనుషులు మారారు. నల్లమల అంచు నుంచి నడిగడ్డ దాకా ఉన్న లక్షల మంది తరఫున లేచి అడిగే గొంతు మాత్రం ఎప్పుడూ ఒక్కటే.

ఆ గొంతుకు పార్లమెంటు ఇచ్చిన గట్టి అవకాశం ప్రశ్న. లోక్‌సభ ఉదయం 11 గంటలకు కూర్చుంటే మొదటి గంట ప్రశ్నలదే. రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్రం గుర్తు పెడతారు. వాటికి మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ఆ జాబితా ఆకుపచ్చ కాగితం మీద అచ్చవుతుంది. నక్షత్రం గుర్తు లేనివి రోజుకు 230. వాటి జాబితా తెల్ల కాగితం. వాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది, అనుబంధ ప్రశ్నలుండవు. నక్షత్రం గుర్తున్న ఇరవైలో గంట గడిచేలోపు కొన్నిటికే వంతు వస్తుంది. మిగిలిన వాటికీ జవాబు కాగితం మీదే.

అడగదలచిన సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక్కో రోజుకు ఐదు నోటీసుల దాకా ఇవ్వొచ్చు. వందలాది నోటీసుల్లో ఎవరిది ముందో లాటరీ తేలుస్తుంది. ఏ శాఖకు ఏ రోజన్నది కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. అంటే ఇవాళ ఇక్కడ కష్టమొస్తే రేపు సభలో ప్రశ్న రాదు. ప్రశ్నను ముందుగా నాటాలి, వేళకు నీళ్లు పెట్టాలి, ఓపిక పట్టాలి. సేద్యం తెలిసిన మనవాళ్లకు ఈ లెక్క కొత్తదేమీ కాదు.

ఈ హక్కు ఊరికే రాలేదు. తెల్లదొరల కాలంలో 1892 చట్టంతో శాసనమండలి సభ్యులకు ప్రశ్న అడిగే వీలు వచ్చింది. కానీ సర్కారు ఏం జవాబిస్తే అది విని కూర్చోవాలి, తిరిగి అడగకూడదు. 1909లో అనుబంధ ప్రశ్నకు అనుమతి దొరికింది, అదీ మొదట అడిగిన సభ్యుడికే. ఆ తర్వాతి సంస్కరణలతో గానీ సభలో ఎవరైనా లేచి "మరి దీని సంగతేమిటి" అనే వీలు రాలేదు. మొదటి ప్రశ్నకు జవాబు మంత్రి చేతిలో రాసిపెట్టుకుని ఉంటుంది. రెండో ప్రశ్నకు కాగితం ఉండదు, విషయం తెలిసుండాలి. అందుకే తిరిగి అడిగే హక్కు అంత విలువైనది. 2020 సెప్టెంబరులో కరోనా వేళ జరిగిన సమావేశాల్లో ప్రశ్నల గంట లేకుండా రాతపూర్వక జవాబులతో సరిపెట్టినప్పుడు అంతమంది బాధపడింది ఇందుకే.

ఇక ప్రశ్న ఎలా ఉండాలి? లోక్‌సభ నియమావళిలో 41వ నియమం దీని గురించే. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అందులో వాదన ఉండకూడదు, నింద ఉండకూడదు, ఎత్తిపొడుపు ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. కేంద్ర ప్రభుత్వానికి సంబంధం లేని విషయం తేకూడదు. మొదటిసారి ఈ నియమాలు చదివినప్పుడు ఇవి సభ్యుడి చేతులు కట్టేయడానికి పెట్టినవి అనిపించింది. నాలుగు ప్రశ్నలు రాసి చూశాక తెలిసింది, ఇవి ప్రశ్నకు పదును పెట్టే ఆకురాయి లాంటివని.

ఎలాగో చెబుతాను. గద్వాల మగ్గాల దగ్గరికి వెళ్లండి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయడం గద్వాల పనితనం. చీర ఒంటి పేకనూ అంచు పేకనూ ఒకదానిలో ఒకటి మెలివేసి కలిపే ఆ అతుకును 'కుట్టు' అంటారు. సూదితో కుట్టేది కాదు, మగ్గం మీద వేలితో పడేది. అంచు పేకకు ఒకరు, ఒంటి పేకకు ఒకరు, ఇద్దరు ఒకే లయలో కూర్చుంటేనే ఆ అతుకు కుదురుతుంది. ఆ మగ్గం ముందు కూర్చున్న మనిషిని కదిపితే, "నేతగాణ్ణి సర్కారు ఎందుకు సంపుతున్నది?" అని అడుగుతాడు. ఆ కడుపుమంట నిజం. కానీ ఆ మాటను ఉన్నదున్నట్టు నోటీసులో రాస్తే పార్లమెంటు తిప్పి పంపుతుంది. ఒకవేళ తీసుకున్నా మంత్రి "అలాంటిదేమీ లేదు" అని రెండు ముక్కల్లో ముగిస్తారు.

అదే బాధను ఇలా అడిగి చూడండి. జౌళి శాఖ మంత్రి గారు దయచేసి తెలియజేయగలరా: ఒకటి, గత మూడేళ్లలో చిలపల నూలు ధర, పట్టు ధర ఏటేటా ఎంత పెరిగాయి? రెండు, రాయితీ నూలు పథకం కింద జోగులాంబ గద్వాల జిల్లాలో ఎందరు నేతగాళ్లకు ఎంత నూలు అందింది? మూడు, భౌగోళిక గుర్తింపు ఉన్న గద్వాల చీర పేరుతో మరమగ్గం చీరలు అమ్మినందుకు ఎన్ని కేసులు పెట్టారు? నాలుగు, పెట్టకపోతే కారణాలేమిటి? ఇందులో ఒక్క కోపపు మాటైనా లేదు. కానీ జవాబు చెప్పాలంటే ఢిల్లీలో ఒక అధికారి గద్వాల ఫైలు తెరిచి తీరాలి. ఎక్కడా రాసి లేకపోతే ఎవరికో ఫోను చేసి లెక్క కట్టించాలి. 2019-20 చేనేత గణనలో దేశమంతటా 35 లక్షల మందికి పైగా చేనేత పనివారు తేలారు. ఆ పెద్ద సంఖ్య వెనక మన గద్వాల మగ్గం కనుమరుగు కాకుండా నిలబెట్టేది ఇలాంటి ప్రశ్నే.

కోపాన్ని లెక్కగా మార్చే ఈ విద్య మన నేలకు కొత్త కాదు. అలంపురం వైపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారిని తలచుకోండి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకరు రాశారు. ప్రతాపరెడ్డి గారు తిట్టు రాయలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. 'లేరు' అన్న మాటకు 'ఇదిగో ఇంతమంది' అన్నదే జవాబు. అదే ప్రతాపరెడ్డి గారు 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. మన ప్రాంతం సభకు పంపిన తొలితరం మనిషి, గొంతు పెంచే ముందు సంఖ్య సంపాదించిన మనిషి. ఈ ఏడు సెగ్మెంట్లలో ఎవరు గెలిచినా వారికి వారసత్వంగా అందాల్సింది ఈ గుణమే. కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు అసెంబ్లీకి వెళ్లి, ఆ తర్వాత పార్లమెంటులో 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్‌గా గౌరవం పొందిన జైపాల్ రెడ్డి గారిదీ అదే బాట. విషయం చదవనిదే లేచేవారు కాదు.

ఇప్పుడు నడిగడ్డకు పోదాం. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల చేలల్లో పత్తి వేస్తారు. దూది కోసం వేసేవాళ్లున్నారు, విత్తనం కోసం వేసేవాళ్లూ ఉన్నారు. దేశంలో పత్తి విత్తనానికి పేరున్న నేల ఇది. సాయంత్రం ఆడవరుసల్లో తిరుగుతూ, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, గోటితో రేకులూ కేసరాలూ ఒలిచేస్తారు. తెల్లారాక మగవరుసలోని పువ్వు తెచ్చి ఆ ఒలిచిన మొగ్గ మీద పుప్పొడి రుద్దుతారు. దీన్ని ఇక్కడ 'క్రాసింగ్' అంటారు. ఒక్కొక్క పువ్వుకూ ఒక్కొక్క చెయ్యి. ఎక్కువగా ఆడవాళ్ల చేతులు. రోజుల తరబడి నడుం వంచి చేసే ఈ పని ఫలితమే మీరు కొట్లో కొనే 475 గ్రాముల బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్టు.

ఆ ప్యాకెట్టును ఇంతకు మించి అమ్మకూడదని కేంద్రం ఏటా ధర ప్రకటిస్తుంది. నిత్యావసర వస్తువుల చట్టం కింద 2015లో తెచ్చిన పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు దీనికి ఆధారం. 2020-21లో ఆ ధర 730 రూపాయలు, 2025-26లో 901. కొనే రైతుకు ఇదొక రక్షణ, మంచిదే. కానీ ఆ విత్తనం పండించిన గద్వాల రైతుకు ప్యాకెట్టుకు ఎంత దక్కాలన్న మాట ఆ ధరలో లేదు. అది కంపెనీకీ, మధ్యలో ఉండే ఆర్గనైజరుకూ, రైతుకూ నడుమ నడిచే బేరం. పంట బాగా లేకపోయినా, మొలక శాతం పరీక్షలో విత్తనం తప్పినా, భారం ఎక్కువగా పడేది పండించినవాడి మీదే.

ఇక్కడ ఎంపీ అడగాల్సింది ఏమిటి? ఆ 901 రూపాయలు లెక్కగట్టేటప్పుడు విత్తన రైతు ఖర్చునూ క్రాసింగ్ కూలీనీ ఎంతగా లెక్కలోకి తీసుకున్నారు? విత్తన రైతుకు కనీస కొనుగోలు ధర పెట్టే ప్రతిపాదన ఉందా? ఉంటే ఎప్పటికి, లేకుంటే ఎందుకు లేదు? ఒకే ప్యాకెట్టులో ఆర్థిక విధానం, కూలీల సంక్షేమం, వినియోగదారుడి హక్కు మూడూ ఉన్నాయి. ఢిల్లీలో వాటికి మూడు మంత్రిత్వ శాఖలు. చేలో మాత్రం అన్నీ కలిసే ఉంటాయి.

వినియోగదారుడి హక్కు అన్నాను కాబట్టి రైతు శ్రోతలకు ఒక మాట. విత్తనం కొన్న రైతు వినియోగదారుడా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన తెలుగు జిల్లాల రైతులకూ జాతీయ విత్తన సంస్థకూ నడుమ నడిచిన కేసది. 2012 జనవరిలో తీర్పు వచ్చింది. విత్తనం మొలవక నష్టపోయిన రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు, ఒప్పందం మీద విత్తనం పండించినంత మాత్రాన అతన్ని వ్యాపారి అనలేం అని కోర్టు చెప్పింది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు కేసుకు రుసుము లేదు. అడగాలంటే 1915 నంబరుంది. హక్కు ఉందని తెలిసినవాళ్లు ఎందరు, ఎన్ని వినియోగదారుల కమిషన్లలో ఖాళీలున్నాయి, ఎన్ని కేసులు ఏళ్ల తరబడి ఆగి ఉన్నాయి? ఇవన్నీ పార్లమెంటులో అడిగితే బయటికొచ్చే లెక్కలు. చట్టం చేయడం సభకు సగం పనే. ఆ చట్టం గద్వాల దాకా వచ్చిందో లేదో చూసుకోవడం మిగిలిన సగం. ఆ సగం ప్రశ్నలతోనే జరుగుతుంది.

ప్రశ్నకు నిజంగా అంత బలముందా అని మీకు అనిపించవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. 1957. జీవిత బీమా సంస్థ పుట్టి ఏడాదే అయింది. ఆ సంస్థ హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో కోటి రూపాయలకు పైగా పెట్టింది. జనం పైసా పైసా కూడబెట్టి కట్టిన బీమా సొమ్ము అది. దాని మీద లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. మొదటి జవాబు విషయాన్ని దాటవేసింది. ఫిరోజ్ గాంధీ ఊరుకోలేదు. ఆయన పాలక పార్టీ సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు. అయినా కాగితాలు పట్టుకుని మళ్లీ లేచారు. అప్పటి స్పీకరు మన తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. చివరికి న్యాయమూర్తి చాగ్లాతో విచారణ సంఘం వేశారు, విచారణ జనం ముందు బహిరంగంగా జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇదంతా మొదలైంది ఒక ప్రశ్నతో. నిలిచింది మాత్రం, మొదటి జవాబుతో సరిపెట్టుకోని పట్టుదలతో.

ఇంత బలమున్న ప్రశ్నను అమ్ముకున్నవాళ్లనూ దేశం చూసింది. డబ్బు తీసుకుని సభలో ప్రశ్నలు వేశారని తేలి 2005 డిసెంబరులో పదకొండు మంది ఎంపీల సభ్యత్వం రద్దు చేశారు. ప్రశ్న జనం సొత్తు కాబట్టే దాన్ని అమ్ముకోవడం అంత పెద్ద నేరమైంది.

మరి జవాబు వచ్చాక? చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. "విషయం పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రులు చెప్పే మాటలు విని మనం నిట్టూరుస్తాం, తప్పించుకున్నారు అనుకుంటాం. కానీ పార్లమెంటు లెక్కలో ఆ మాటలు హామీలు. ఎలాంటి మాట హామీ కిందికి వస్తుందో జాబితాయే ఉంది. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ పనిచేస్తోంది. మంత్రి నోటి నుంచి ఆ మాట వచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో నెరవేర్చాలి. లేకుంటే ఎందుకు కాలేదో చెప్పి గడువు అడగాలి. ఊళ్లో చేబదులు ఇచ్చి పుస్తకంలో రాసుకున్నట్టు, సభ ఆ మాటను రాసుకుంటుంది. అప్పు రాసి ఉంది. అడిగేవాళ్లే కరువు.

ఇప్పుడు మళ్లీ సోమశిల రేవుకు వద్దాం. 2007 జనవరిలో ఈ కృష్ణలోనే పడవ మునిగి 61 మంది ప్రాణాలు పోయాయి. మంచాలకట్ట, నెహ్రూనగర్ ఊళ్ల నడుమ నది దాటుతున్న జనం. ఆ ఊళ్లలో సంక్రాంతి పండుగ దుఃఖపు గుర్తుగా మిగిలింది. అప్పటి నుంచీ, అంతకు ముందు నుంచీ, ఈ రెండు గట్ల జనం కోరేది ఒక్కటే: సోమశిల, సిద్ధేశ్వరం నడుమ వంతెన. 2022 అక్టోబరులో 167కె జాతీయ రహదారి మీద 1,082.56 కోట్ల రూపాయలతో తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే హైదరాబాదు, తిరుపతి నడుమ 80 కిలోమీటర్ల దూరం తగ్గుతుందని లెక్క. మన రేవులో మాత్రం దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు. పురిటి నొప్పులతో ఉన్న బిడ్డను ఆస్పత్రికి చేర్చడానికి పట్టే గంటల్లో కొలుస్తారు.

వంతెన గురించి రేవులో అందరూ అడిగేది "ఎప్పుడు కడతరు?" అని. ఆ ఒక్క 'ఎప్పుడు'ను సభ కోసం ఇలా విడదీయాలి: టెండరు ఏ దశలో ఉంది? అటవీ, పర్యావరణ అనుమతులు ఏ తేదీన అడిగారు, ఏ తేదీన వచ్చాయి? ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది? ఆలస్యం జరిగితే ఎవరి వద్ద ఎన్నాళ్లు? వంతెన పూర్తయ్యేదాకా రేవు దాటే జనం ప్రాణరక్షణకు ఏ ఏర్పాటు చేశారు? ఆరు నెలలకోసారి అదే ప్రశ్న మళ్లీ వేసి రెండు జవాబులు పక్కపక్కన పెడితే, పని జరిగిందో కాగితమే నడిచిందో పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు.

ఇంకో నొప్పి ఉంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు నిండే వేళకు, 1981 ప్రాంతంలో, కృష్ణ రెండు గట్లా నూరుకు పైగా ఊళ్లు మునిగాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు కొల్లాపురం వైపు పాత ఊళ్ల గోడల మొదళ్లు బయటపడతాయి. ఇది మా అరుగు, ఇది మా గాదె అని ముసలివాళ్లు మనవళ్లకు చూపిస్తారు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్న జీవో 98 వచ్చింది 1986లో. ఆ జీవో పట్టుకుని తిరిగినవాళ్ల పిల్లలకే పిల్లలు పుట్టారు. ఇది రాష్ట్ర ప్రభుత్వపు బాధ్యత. కాబట్టి ఈ ప్రశ్న వెళ్లాల్సింది లోక్‌సభకు కాదు, హైదరాబాదులో శాసనసభకు. ఏ ప్రశ్న ఏ గడప తొక్కాలో తెలుసుకోవడం మన పనిలో మొదటి మెట్టు. వంతెన, పత్తి విత్తనం, నూలు, వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఢిల్లీవి. జీవో 98 మన రాష్ట్రానిది. తప్పు గడప ముందు ఎంత సేపు నిలబడ్డా తలుపు తెరుచుకోదు.

మనం చేయగలిగేది ఏమిటి? ఎంపీ వచ్చినప్పుడు దండ వేసి, వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి వచ్చేస్తాం. వినతిపత్రంలో "తగిన చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన" అని రాస్తాం. దాని బదులు ఒక పేజీలో నాలుగు ప్రశ్నలు రాసి ఇద్దాం. ఎంత, ఎందరికి, ఎప్పటిలోగా, కాకపోతే ఎందుకు. ఊళ్లో మనం లెక్కపెట్టిన అంకె ఒకటి జత చేద్దాం. మా వీధిలో మగ్గాలు ఇన్ని, రాయితీ నూలు అందినవి ఇన్ని అని. అంకె చేతికొచ్చిన ఎంపీకి ఆ ప్రశ్న వేయడం సులువవుతుంది, వేయకుండా ఉండటం కష్టమవుతుంది. ఇక రెండో పని, జవాబు చదవడం. లోక్‌సభలో ఇచ్చే ప్రతి జవాబూ పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటుంది. సభ్యుడి పేరుతో వెతికితే ఆయన ఏం అడిగారో, ఏం జవాబొచ్చిందో అంతా కనిపిస్తుంది. డిగ్రీ చదివే పిల్లలు ఊరికొకరు దాన్ని తెలుగులో రాసి గ్రంథాలయంలోనో పంచాయతీ గోడ మీదో పెడితే చాలు. ఢిల్లీకి వెళ్లిన ప్రశ్న ఊరికి జవాబు తీసుకుని తిరిగి వచ్చినట్టే.

నేను అవ్వకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. కొన్నాళ్లకు మళ్లీ సోమశిల వెళ్లి ఆ మెట్ల దగ్గరే కలిశాను. "అవ్వా, నీకొచ్చే 2,016 రూపాయలల్ల, నీ పేరు కేంద్రం జాబితాల ఉంటే, ఢిల్లీది 200. ఎనభై నిండితే 500 అయితది. మిగిలింది రాష్ట్రానిది" అన్నాను. అవ్వ కొంగుముడి విప్పింది. రెండు నూరు నోట్లు తీసి ఒడిలో ఒకపక్క పెట్టింది. మిగతావి ఇంకోపక్క పెట్టింది. రెండిటినీ కాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది: "మరి ఈ రెండు నూర్లు ఎన్నేండ్ల సంది గిన్నే ఉన్నయ్ సారూ?"

1995లో ఆ పథకం మొదలైనప్పుడు 75 రూపాయలు. 2006లో 200 చేశారు. ఎనభై నిండని అవ్వలకూ తాతలకూ కేంద్రం వాటా అప్పటి నుంచీ 200 దగ్గరే ఉంది. అప్పటి బియ్యం ధర, నూనె ధర అవ్వకు నాకంటే బాగా గుర్తు.

శ్రోతలారా, ఆ అవ్వ బడికి పోలేదు, పార్లమెంటు భవనం ఎట్లా ఉంటుందో చూడలేదు. కానీ మొదటి జవాబు వినగానే ఆమె వేసింది అచ్చమైన అనుబంధ ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు, ఆ సభలో లేచి నిలబడే మంత్రి. ఆ ప్రశ్న అక్కడిదాకా చేరేలా చూడాల్సింది మనం ఎన్నుకున్న సభ్యుడు. దాన్ని కాగితం మీద పెట్టి ఆ సభ్యుడి చేతికి ఇవ్వాల్సింది మనం. అవ్వ మాటలతోనే ఆ ప్రశ్న రాసి నేను పంపాను. మీ ఊళ్లో ఏ అవ్వ ఏం అడుగుతోందో వినండి, రాయండి, పంపండి.